బ్యాటరీ మార్చే ముందు ఛార్జింగ్ చూడండి

స్వయం ఉపాధి పథకం కింద పంజాగుట్ట, అమీర్‌పేట వైపు మెకానిక్ షెడ్డు పెట్టుకున్న మీకు రోజూ వినిపించే మాటే ఇది: "అన్నా, హారన్ మోగుతలేదు, బ్యాటరీ మార్చెయ్యి." వెంటనే మార్చకండి. లోపం వైరింగ్‌లో ఉంటే కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. డెలివరీ బండి మీద బతికే మనిషికి ఆ డబ్బూ పోతుంది, ఆ రోజు పనీ పోతుంది.

పాత స్ప్లెండర్ లాంటి 12 వోల్టుల బండిలో రెగ్యులేటర్‌కు నాలుగు వైర్లు ఉంటాయి. తెలుపు ఛార్జింగ్ కాయిల్‌ది. పసుపు హెడ్‌లైట్‌ది. ఎరుపు ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్‌కి వెళ్తుంది. ఆకుపచ్చ ఎర్త్.

మల్టీమీటర్‌తో ఇలా చూడండి:

1. ఇంజన్ ఆపి బ్యాటరీ కొలవండి. 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ముందు బయట ఛార్జింగ్ పెట్టండి.

2. స్టార్ట్ చేసి రేస్ ఇవ్వండి. సుమారు 13.5 నుంచి 14.5 వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

3. 15 దాటితే రెగ్యులేటర్, దాని ఎర్త్ చూడండి.

4. అసలు పెరగకపోతే ఫ్యూజు, కప్లర్, ఎర్త్ దగ్గర తుప్పు చూడండి. తర్వాత కప్లర్ విప్పి, తెలుపు వైరుకూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. చాలా తక్కువ ఓమ్‌లు రావాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు.

జాగ్రత్త: విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టకండి. షార్ట్ అయితే వైరింగ్ అంటుకుంటుంది, పైన ఉన్నది పెట్రోల్ ట్యాంకు.

రీడింగులు బిల్లు మీద రాసివ్వండి. ఆ నమ్మకమే గిరాకీని మళ్లీ మీ షెడ్డుకు తెస్తుంది.