‘ఇంగ్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

తాడేపల్లి

చిన్నీ,

ఇంటర్వ్యూ కోసం నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన పరిచయం చదివాను. చెప్పాల్సినవన్నీ చెప్పావు. కానీ వాక్యం వాక్యానికీ ‘ఇంగ్’ వచ్చి కూర్చుంది. ‘ఐ యామ్ నోయింగ్ ట్యాలీ’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘మై ఫాదర్ ఈజ్ గ్రోయింగ్ చిల్లీస్’.

నీకు ఇంగ్లీషు రాక కాదమ్మా, మన క్రియ తీరు అది. ‘నాన్న మిర్చి వేస్తున్నారు’ అంటే ఇప్పుడు చేలో నారు నాటిస్తున్నారనీ కావచ్చు, ఏళ్ల తరబడి అదే పంట అనీ కావచ్చు. సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ రెంటికీ రూపాలు వేరు. ఏటా వేసే పంటయితే ‘గ్రోస్’ అనాలి.

మన ప్రకాశం బ్యారేజీనే చూడు. దానికి 70 గేట్లు. ‘ద బ్యారేజ్ హాజ్ సెవెంటీ గేట్స్’. వరదొస్తే గేట్లెత్తుతారు, అదీ ఎప్పుడూ ఉండేదే: ‘దే లిఫ్ట్ ద గేట్స్ వెన్ ఫ్లడ్స్ కమ్’. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి కదా, అప్పుడు కట్ట మీద నుంచి ఫోన్ చేసేవాళ్లు మాత్రం ‘ద వాటర్ ఈజ్ రైజింగ్’ అనాలి. ‘రైజెస్’ అంటే, ఏటా ఉండేదేగా అనుకుని అవతలివాళ్లు కదలకుండా కూర్చుంటారు.

ఇక ‘నోయింగ్’, ‘హ్యావింగ్’. ఇక్కడ తెలుగే నీకు దారి చూపిస్తుంది. తెలుసు, ఇష్టం, కావాలి, ఉంది... వీటికి మనం ‘తున్నాను’ తగిలించం. ఇంగ్లీషులోనూ అంతే: నో, లైక్, వాంట్, హ్యావ్. ‘అర్థమవుతోంది’ దగ్గర మాత్రం మోసపోకు, అది ‘ఐ అండర్‌స్టాండ్’. ‘వుయ్ ఆర్ హ్యావింగ్ లంచ్’ తప్పు కాదు. అక్కడ హ్యావ్ అంటే తినడం.

విజయవాడలో కోర్సు చేస్తున్నానని ‘ఐ యామ్ డూయింగ్’ అని రాశావు. అది సరిగ్గా ఉంది. కొన్నాళ్లు జరిగి అయిపోయేదానికి అదే రూపం. దాన్ని ముట్టుకోకు.

అందరూ ఇలాగే మాట్లాడతారు, అర్థమైతే చాలదా అని నీ స్నేహితులు అంటారు. మనలో మనకు చాలు. రేపు ఆఫీసులో నీ పనేంటని అడిగితే ‘ఐ యామ్ చెకింగ్ బిల్స్’ అన్నావనుకో, ప్రస్తుతానికి ఆ పని మీద ఉన్నావనుకుంటారు. ‘ఐ చెక్ బిల్స్’ అంటేనే అది నీ ఉద్యోగం. చేసే పని నీదని చెప్పుకునే చోట పొరపాటు పడకూడదనే నా పట్టుదల.

ఆ కాగితం మళ్లీ రాయి. ప్రతి క్రియ దగ్గరా ఆగి, ఇది ఎప్పుడూ ఉండేదా, ఇప్పుడు జరుగుతున్నదా అని చూసుకో. రాశాక పైకి చదువుతూ ఫోన్లో రికార్డు చేసి నాకు పంపు, ఇంటర్వ్యూకి ముందే విని చెబుతాను.

మీ పెద్దమ్మ