వంటశాల వెనకాల ఉన్న చదువు



ఈ నెల గోడపత్రికకు నేను మన వంటశాల వెనకాల ఉన్న మొక్కల గురించి రాస్తున్నాను. అక్కడ కరివేపాకు చెట్టు, మిరప మొక్కలు, కంచెకు పాకిన చిక్కుడు పాదు, పసుపు మడి ఉన్నాయి. పళ్ళేలు కడగడానికి వెళ్తూ రోజూ వాటిని చూస్తాం. ఒక్కో మొక్క వెనకాల ఒక సైన్సు పాఠం, ఒక సోషల్ పాఠం, మన పెద్దవాళ్ళు చెప్పే ఒక మాట ఉన్నాయి. పుస్తకాల్లో చదివింది, మాస్టార్లు చెప్పింది, మా అమ్మమ్మ చెప్పింది కలిపి రాశాను. మా అమ్మమ్మకు చదువు రాదు, వేలిముద్ర వేస్తాది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఆఖర్న మీ అందరినీ ఒక పని అడుగుతాను. అందుకని చివరి దాకా చదవండి.

1. కరివేపాకు

మనం భోజనాల దగ్గర కూర్చోగానే మొదట చేసే పని కరివేపాకు ఏరి పళ్ళెం అంచున పెట్టడం. "కూరలో కరివేపాకులా తీసి పారేశారు" అని సామెత కూడా ఉంది. మా అమ్మమ్మ మాత్రం ఊరుకోదు. "నోటికి అడ్డం పడిందని తీసేస్తావు గానీ, అది లేని చారు తినగలవేటి?" అంటాది.

పోపులో ఆకు వేయగానే చిటపటమని ఇల్లంతా వాసన వస్తుంది. ఆ వాసన ఇచ్చే పదార్థాలు నీళ్ళలో కంటే నూనెలో బాగా కరుగుతాయి. అందుకే కరివేపాకును పోపులో వేస్తారు. ఎండబెట్టి, వేయించి, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు కలిపి దంచితే కరివేపాకు పొడి. ఆకులో కాల్షియం, ఇనుము ఉన్నాయి. ఏరి పారేసినవాళ్ళకి అవి రావు!

ఇప్పుడు సోషల్ పాఠం. ఈ చెట్టుకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగి. కోనిగ్ అనేది ఒక మనిషి పేరు. ఆయన యూరప్ నుంచి వచ్చిన డాక్టరు. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో తమిళ తీరంలోని ట్రాంకెబార్‌కి వచ్చి, ఊళ్ళు తిరిగి మొక్కలు సేకరించి రాసుకున్నాడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన స్నేహితుడు రాక్స్‌బర్గ్ అనే ఇంకో డాక్టరు సామర్లకోటలో తోట వేసి మిరియాల తీగలు పెంచాడు. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మల పుస్తకం మొదటి భాగం 1795లో లండన్‌లో అచ్చయింది.

వాళ్ళు కష్టపడ్డారు, కాదనను. కానీ వాళ్ళు రాకముందు నుంచీ ఎన్నో తరాల ఆడవాళ్ళు ఆ ఆకు కూరలో వేశారు. వాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. రాసుకున్నాయన పేరు చెట్టుకు మిగిలింది.

2. మిరప, పిప్పలి

ఎర్ర కారం లేకపోతే మనకు ముద్ద దిగదు. కానీ మిరప మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం, మెక్సికో వైపు. 1492లో కొలంబస్ మిరియాలు దొరికే దేశం కోసం బయల్దేరి అమెరికా చేరాడు. 1498లో వాస్కోడగామా కాలికట్‌కి వచ్చాడు. ఆ తరువాత 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మిరప మన దేశానికి వచ్చింది. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, జీడిమామిడి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే.

మరి అంతకు ముందు మన పెద్దలు చప్పిడి కూర తిన్నారా? లేదు. మిరియాలు, అల్లం, పిప్పళ్ళు ఉండేవి. పిప్పలి తీగ మన పాడేరు, చింతపల్లి వైపు తోటల్లో పెంచుతారు. కాయ వేలి కొస అంత ఉంటుంది, ఎండితే నల్లబడుతుంది. వేరును మోడి అంటారు. మన దగ్గర కాయ కంటే ఈ మోడి కోసమే ఎక్కువగా సాగు చేస్తారు. బాలింతలకు పెట్టే కాయంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి దంచి బెల్లం కలుపుతారు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు మూడూ కలిస్తే ఆయుర్వేదంలో త్రికటుకం అంటారు.

ఇంకో విశేషం. సంస్కృతంలోని పిప్పలి అనే మాటే వర్తకుల నోట గ్రీకు దేశం చేరి పెపెరి అయింది. అదే ఇంగ్లీషులో పెప్పర్ అయింది. ఇంగ్లీషు పీరియడ్‌లో పెప్పర్ అని చదివినప్పుడు మన తోటలోని తీగను గుర్తు చేసుకోండి.

చిలకలు మిరపపళ్ళు హాయిగా తింటాయి, మనకేమో కళ్ళ నీళ్ళు వస్తాయి. ఎందుకు? మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. ఆ మంట పక్షులకు తెలియదు. పక్షి గింజను నమలదు, మింగి దూరంగా రెట్టలో వేస్తుంది. అక్కడ మొక్క మొలుస్తుంది. జంతువులు నమిలి గింజను పాడు చేస్తాయి, అవి మంటకు భయపడి దూరంగా పోతాయి. మిరప తన పిల్లలను తనే కాపాడుకుంటోంది అన్నమాట.

3. చిక్కుడు

మా ఊళ్ళో చిక్కుడు కాయ కాసిందని వెంటనే తెంపకూడదు. ముందు కొత్త చెయ్యాలి. కొత్త అంటే కొత్త పంటను మొదట దేవతకు పెట్టి, తరువాత అందరూ కలిసి తినే పండుగ. మామిడి కొత్త, చిక్కుడు కొత్త అని ఒక్కో పంటకు ఒక్కో కొత్త ఉంటుంది. ముందే తింటే కీడు జరుగుతుందని పెద్దవాళ్ళు భయపెడతారు.

ఇది మూఢనమ్మకమా అని నాకు అనుమానం వచ్చి సైన్సు మాస్టారిని అడిగాను. ఆయన "కాయలన్నీ లేతగానే తెంపేస్తే వచ్చే ఏటికి విత్తనం ఏది?" అని తిరిగి నన్నే అడిగారు. ఇంటికి వెళ్ళినప్పుడు అదే ప్రశ్న అమ్మమ్మను అడిగాను. "అది తెలీకే కొత్త పెట్టామా?" అని నవ్వింది.

పల్లంలో రథసప్తమి రోజు చిక్కుడు కాయలతో చిన్న రథం చేసి, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెడతారు. కొండ మీద, కొండ కింద పండుగలు వేరైనా, రెండు చోట్లా చిక్కుడుకు గౌరవం ఉంది.

చిక్కుడు వేళ్ళ బొడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. దానివల్ల నేల బలపడుతుంది. లేత కాయలు కూర వండుతాం. ఎండిన గింజలు నానబెట్టి, బాగా ఉడికించి, మొదటి నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి తింటాం. ఎందుకంటే ముదిరిన గింజల్లో కొంచెం విషపదార్థం ఉంటుంది, అది ఆ నీళ్ళతో పోతుంది. ఈ పద్ధతి మన అమ్మలు ప్రయోగశాలలో నేర్చుకోలేదు.

4. పసుపు

పసుపు గింజతో మొలవదు. దుంప ముక్క నాటాలి. తొలకరికి నాటితే చలికాలం వెళ్ళేటప్పటికి తవ్వుతారు. తవ్విన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, రాపిడి చేస్తే పైపొర పోయి మెరుస్తాయి. గింజ లేని మొక్క కాబట్టి ప్రతి ఏడూ ఎవరో ఒకరు దుంప దాచి నాటుతూ వస్తేనే అది మన దాకా వచ్చింది.

దీనితో ఒక ప్రయోగం చేయవచ్చు. తెల్ల కాగితం పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. దాని మీద సబ్బు నీళ్ళు వేస్తే ఎర్రగా మారుతుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చగా వస్తుంది. క్షారానికి ఎరుపు, ఆమ్లానికి పసుపు. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్ర నీళ్ళు ఇలాగే తయారవుతాయి. పసుపులో సున్నం కలుపుతారు. సున్నం క్షారం. బట్ట మీద పడ్డ పసుపు మరక సబ్బు రాయగానే ఎర్రబడేది కూడా అందుకే.

మిరియాల చారులో పసుపు వేస్తారు కదా. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంది, అది ఒంటికి తేలిగ్గా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే చాలా ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పక్కనున్న ఒడిశాలో ప్రథమాష్టమి రోజు పసుపాకులో పిండి చుట్టి ఆవిరి మీద ఎండూరి పిఠా చేస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది.

చిన్న దెబ్బ తగిలితే మనం పసుపు అద్దుతాం. (పెద్ద గాయమైనా, చీము పట్టినా ఏ.ఎన్.ఎం. అక్కకు చూపించాలి. పసుపు పెట్టి ఊరుకోకూడదు.)

5. పసుపు మీద కేసు

పేటెంటు అంటే, కొత్తది కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే హక్కు. కొన్నేళ్ళ పాటు వాళ్ళ అనుమతి లేకుండా ఇతరులు దాన్ని వాడి వ్యాపారం చేయకూడదు.

1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు ఇచ్చారు. దేనికో తెలుసా? గాయం మానడానికి పసుపు వాడటం! మన ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి అక్కడ కొత్త విషయం అయింది. 1996లో మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) దాన్ని సవాలు చేసింది.

మా దేశంలో అందరికీ తెలుసు, ఏ ముసలమ్మనైనా అడగండి అంటే సరిపోతుందా? సరిపోదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో నోటిమాటగా తెలిసింది లెక్కలోకి రాదు, కాగితం మీద అచ్చయింది కావాలి. అందుకని మనవాళ్ళు సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలు వెతికి 32 ఆధారాలు చూపించారు. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా చూపించారు. 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయింది. 2001లో ప్రభుత్వం సాంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం అని మొదలుపెట్టి, పాత వైద్య గ్రంథాల్లోని సంగతులు అన్నీ ఒకచోట చేర్చింది.

ఇది చదివినప్పుడు నాకు సంతోషం వేసింది, తరువాత భయం వేసింది. పసుపు గెలిచింది ఎందుకు? ఎవరో రాసి పెట్టారు కాబట్టి. మరి మా అమ్మమ్మకు తెలిసినవి ఏ గ్రంథంలో ఉన్నాయి? ఏ గింజ ఎన్ని నీళ్ళు మార్చి ఉడకబెట్టాలి, ఏ ఆకు ఏ నెలలో తినకూడదు, ఇవన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. మనం ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడే హాస్టల్లో ఉంటాం. ఇంటికి వెళ్ళేది సెలవులకే. ఆమె చెప్పడానికి ఉంది, వినడానికి నేను అక్కడ లేను. చదువు కోసం వచ్చి ఆ చదువు పోగొట్టుకుంటే ఎలా?

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి. మన ప్రాంతంలో ఏ మొక్కలున్నాయి, వాటిని ఎలా వాడతారు అని ప్రజల జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. 2019లో ఒడిశాలోని కంధమాల్ గిరిజనులు పండించే పసుపుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట పండిన పసుపును ఆ పేరుతో అమ్మకూడదు. రాతకు ఇంత బలం ఉంది.

6. మనం చేయవలసిన పని

ఒక 200 పేజీల నోటుబుక్కు మన గోడపత్రిక పక్కన మేకుకు కడదాం. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క మొక్క గురించి ఇంట్లో అడిగి తెలుసుకుని, వచ్చాక ఇలా రాయాలి:

అ) మొక్క తెలుగు పేరు.
ఆ) మీ ఇంటి భాషలో పేరు. మనలో కువి మాట్లాడేవాళ్ళు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆ పేర్లు తెలుగు అక్షరాలతో రాయండి. సిగ్గు పడవద్దు.
ఇ) ఎలా వండుతారు? ఎంత, ఎంతసేపు, ఎన్ని నీళ్ళు?
ఈ) దాని మీద ఉన్న కథ, పండుగ లేదా కట్టుబాటు.
ఉ) చెప్పిన వారి పేరు, ఊరు. ఇది తప్పకుండా రాయాలి.

కొన్ని మందు సంగతులు అందరికీ చెప్పకూడదని పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే రాయాలి. వద్దంటే రాయకూడదు. తెలియని ఆకు ఎవరూ నోట్లో పెట్టకూడదు.

వార్డెన్ మేడమ్ గారు నోటుబుక్కు ఇప్పించాలని, సైన్సు మాస్టారు చూసి దిద్దాలని కోరుతున్నాను. మొదటి పేజీ నేను రాస్తాను. మొక్క చిక్కుడు. చెప్పిన వారు అనే చోట మా అమ్మమ్మ పూర్తి పేరు రాస్తాను. రేషన్ కార్డులో తప్ప ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు.

రెండో పేజీ ఎవరిది? పేరు ఇవ్వదలచినవాళ్ళు సాయంత్రం స్టడీ అవర్ తరువాత నన్ను కలవండి.

– 9వ తరగతి విద్యార్థిని