పడిపోయిన సర్వరును తిరిగి నిలుపు విధానము

ప్రశ్న: మా జెడ్ ఓఎస్ సిస్‌ప్లెక్సులో సీఐసీఎస్ ఆకస్మికముగా నిలిచిపోయినచో, తనంతట తానే పునఃప్రారంభమగునట్లు ఆటోమేటిక్ రీస్టార్ట్ మేనేజరు పాలసీని ఎట్లు రచింపవలెను?

జవాబు: పాలసీని ఐఎక్స్‌సీఎంఐఏపీయూ యుటిలిటీతో కపుల్ డేటాసెట్టునందు లిఖించి, సెట్ఎక్స్‌సీఎఫ్ స్టార్ట్ ఆదేశముతో అమలుపరుపవలెను. అందు ప్రథమముగా యోచింపదగినది యత్నముల పరిమితి. మీరేమియు నిర్దేశింపనిచో 300 సెకండ్లలో 3 యత్నములు మాత్రమే జరుగును. ఈ పరిమితిని అనాలోచితముగా పెంచినచో, దోషభూయిష్టమైన సర్వరు పడుచు లేచుచు, మూలకారణమును మరుగుపరచుచు, యంత్రశక్తిని వృథాగా హరించును.

రెండవది, పరస్పరాశ్రితములైన సీఐసీఎస్, డీబీ2లను ఒకే రీస్టార్ట్ గ్రూపునందు చేర్చుట. ఒక సిస్టము సమూలముగా కూలినప్పుడు ఆ రెండును కలసి వేరొక సిస్టముపై ఉత్థానము చెందును. అందు డీబీ2 ముందుగా లేచును; అందువలన, అసంపూర్ణ లావాదేవీలు పట్టియుంచిన లాకులు శీఘ్రముగా విముక్తమగును. ఏదేని సర్వరు అన్యసిస్టముపై నడువజాలనిదైనచో, దానికి టెర్మ్‌టైప్ విలువను ఎలెమ్‌టెర్మ్ అని నిర్ణయింపుడు.

సామాన్యమైన క్యాన్సెల్ ఆదేశముతో ఆపిన సర్వరు పునఃప్రారంభము కాదు. అట్లు కావలెనన్నచో ఆదేశమునకు ఆర్మ్‌రీస్టార్ట్ అను పదమును జోడింపవలెను. పాలసీని అమలుపరచిన పిమ్మట డిస్‌ప్లే ఎక్స్‌సీఎఫ్ ఆదేశముతో ఎలిమెంట్ల (అనగా మేనేజరునందు నమోదైన సర్వర్ల) స్థితిని పరిశీలించి, పరీక్షాసిస్టమునందు సర్వరును బుద్ధిపూర్వకముగా కూల్చి చూడుడు. పరీక్షింపని పాలసీని ఎన్నడును విశ్వసింపరాదు.