కంప్యూటర్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎలా వస్తుంది? ఎలా కొత్తదవుతుంది?



కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారని మనం పాఠాల్లో చదువుకున్నాం. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అలాంటివే. వీటిలో ప్రోగ్రాములను ఎక్కించే పద్ధతి, అప్‌డేట్ చేసే పద్ధతి ఒకేలా ఉండవు. పూర్వ విద్యార్థులమైన మేము ఆ తేడాను మన హాస్టల్ భోజనంతో పోల్చి చెబుతాం.

1. విండోస్: ఎవరి సరుకు వారే తెచ్చుకునే పద్ధతి ఇది. చాలా ప్రోగ్రాములు వాటి కంపెనీ వెబ్‌సైట్ నుంచి సెటప్ ఫైలుగా వస్తాయి. విండోస్ లోపాలకు సవరణలను మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. బయటి ప్రోగ్రాముల్లో చాలావాటి అప్‌డేట్ మాత్రం దేనికది వేరు. 2012లో స్టోర్ వచ్చినా సెటప్ ఫైళ్ల అలవాటు పోలేదు.

2. లినక్స్: ఇది మన వంటగది పద్ధతి. వార్డెన్ గారు ఇండెంట్ పెడితే సరుకులన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి. 1993లో మొదలైన డెబియన్‌లో ఆ చోటును రిపాజిటరీ అంటారు. పులిహోర అని రాస్తే చింతపండు, పోపు సామాను కూడా వచ్చినట్టు, ఒక ప్రోగ్రాము అడిగితే దానికి కావలసిన భాగాలన్నిటినీ ఆప్ట్ అనే సాధనం వెతికి తెస్తుంది. అక్కడి నుంచి తెచ్చినవన్నీ ఒకేసారి అప్‌డేట్ అవుతాయి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన తెలుగు ఫాంట్లు కూడా డెబియన్ రిపాజిటరీలో దొరుకుతాయి. మన దేశంలో సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే.

3. ఆండ్రాయిడ్: ఎవరి క్యారియర్ వారిదే. ఒక యాప్ ఇంకో యాప్ గిన్నెలో చెయ్యి పెట్టలేదు. పాత యాప్‌పై ఉన్న డిజిటల్ సంతకమే ఉంటే తప్ప కొత్త అప్‌డేట్ ఎక్కదు. అయితే ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ చాలావరకు ఫోన్ తయారీదారు చేతిలో ఉంటుంది. అందుకే పాత మోడళ్లకు కొన్నేళ్ల తర్వాత అది ఆగిపోతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ ఇచ్చింది. మే 12న అదే లోపం గుండా వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతో సహా కొన్నిచోట్ల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మాడుగుల అప్పట్లో విశాఖ జిల్లాలోనే ఉండేది. మందు వచ్చిన రెండు నెలలకు జబ్బు వచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

మనం పాటించవలసినవి:

• పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన దొంగ కాపీలు ఎక్కించకూడదు. వాటిలో ఏం కలిపారో తెలియదు.
• అప్‌డేట్ అడిగితే ప్రతిసారీ 'తర్వాత' నొక్కకూడదు.
• విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్ కొత్త విండోస్‌ను మోయలేకపోతే లినక్స్ ఉచితంగా వేసుకోవచ్చు.

మన మార్కుల జాబితాలు, ప్రాజెక్టు రిపోర్టులు, స్కాలర్‌షిప్ కాగితాలు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. కనుక తమ్ముళ్లారా, ఏ ప్రోగ్రాము ఎక్కించినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? రేపు దీన్ని ఎవరు సరిచేస్తారు?