అవ్వ చేతికి ఫోను

ప్రశ్న: మా అవ్వకు 86 ఏళ్లు. యూట్యూబులో మస్తానమ్మ వంటలు చూసినప్పటి నుంచి తనకూ ఫోను కావాలంటోంది. ఈ వయసులో ఎందుకని ఇంట్లో అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తమక, కోలారు

జవాబు: కొనివ్వండి. తెనాలి దగ్గర గుడివాడకు చెందిన మస్తానమ్మ 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్లో కనిపించేనాటికే నూరేళ్లు దాటినట్టు చెబుతారు. 2018 డిసెంబరులో కన్నుమూసేసరికి ఆ ఛానల్‌కు పది లక్షలకు పైగా చందాదారులున్నారు. కెమెరా పట్టింది మునిమనవడూ అతని స్నేహితుడూ కదా, ఆమెకు ఇంటర్నెట్ ఏం తెలుసని కొందరంటారు. నిజమే. కానీ జనం చూసింది కెమెరాను కాదు, పుచ్చకాయలో కోడికూర వండిన చేతిని. మీటలు నొక్కడం నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది, ఆ చేతి రుచికి ఒక జీవితకాలం కావాలి. అవ్వ దగ్గర అది ఉంది, లేనిది మీరు నేర్పగలిగిందే.

వయసు తర్వాత వినిపించే ‘చదువు రాదు’ అన్న అభ్యంతరం కోలారు వైపు మరో రూపంలో వస్తుంది: ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాట వచ్చినా తెలుగు అక్షరం రానివాళ్లు ఎందరో! మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగితే యూట్యూబు వెతికిపెడుతుంది, లిపితో పని లేదు. ఫోనులో జరిగే మోసాల భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. అయితే బాగా చదువుకున్న విశ్రాంత ఉద్యోగులూ వాటిలో పడుతున్నారు కాబట్టి దోషం వయసుది కాదు. మొదట్లో బ్యాంకు ఖాతా కలపకండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదనీ, పోలీసులమంటూ ఫోనులో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ అన్నది చట్టంలోనే లేదనీ చెప్పండి. పొరపాటు జరిగితే ఆలస్యం చేయక సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.