ఇంటిలో చేసిన రేడియో ప్రసారయంత్రము: పంచాయతీ ఎరుగవలసిన సంగతులు

ధవళేశ్వరము ఆనకట్టవద్ద గోదావరి ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండవదానిని, 17 లక్షలకు మూడవదానిని జారీచేయుదురు. ఈ అంకెలు డెల్టాలోని పంచాయతీ సభ్యులకు క్రొత్తవి కావు. 1986 ఆగష్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన సంగతిని పెద్దలు నేటికిని చెప్పుకొనుచుందురు. అయితే ఆనకట్టవద్ద ఇచ్చు హెచ్చరిక వేరు, లంకలోని ఇంటికి అందవలసిన మాట వేరు. మూడవ హెచ్చరిక అని వినినంతమాత్రమున పశువులను ఎటు తోలవలెనో, పడవ ఏ రేవున నిలచియున్నదో తెలియదు. ఆ మాట చెప్పుటకు మన గ్రామమునకే ఒక రేడియో ఉండిన బాగుండునను తలంపు యువకులకు కలుగుట సహజము. పాలిటెక్నిక్ చదువుచున్న కుర్రవాడొకడు తాను చేసిన యంత్రమును పట్టుకొని వచ్చి, "ప్రెసిడెంటుగారూ, దీనిని పంచాయతీ ఆఫీసుమీద పెట్టుదమాండీ?" అని అడిగినచో మీరేమి చెప్పవలెను?

మొదట ఆ యంత్రమెట్టిదో చూతము. అది అరచేతిలో ఇముడును. ఒక చిన్న మైకు, ఒక ట్రాన్సిస్టరు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, పెన్సిలుమీద ఐదారు చుట్లు చుట్టి తీసిన రాగి తీగ, 9 వోల్టుల బ్యాటరీ, ఏరియలుగా మూరెడు మీద కొంత తీగ, ఇంతియే. తీగచుట్టయు దాని ప్రక్కనున్న కెపాసిటరును కలిసి విద్యుత్తును సెకనుకు సుమారు పది కోట్ల పర్యాయములు ఊగించును. దీనినే 100 మెగాహెర్ట్జులందురు. ఉయ్యాల త్రాడు పొడవైన కొలది ఊపు నెమ్మదించునట్లే, తీగచుట్లు పెరిగిన కొలది ఈ ఊపును నెమ్మదించును. ట్రాన్సిస్టరు ఉయ్యాల ప్రక్కన నిలచి అదనెరిగి త్రోయుచుండు మనిషివంటిది, ఊపు ఆగిపోనీయదు. మైకు ముందు మాటలాడినపుడు ఆ ఊపుల వేగము మాటననుసరించి రవంత హెచ్చును, రవంత తగ్గును. ఎఫ్.ఎం. అనగా ఇదియే. రేడియో సెట్టు ఆ హెచ్చుతగ్గులను కనిపెట్టి మరల మాటగా మార్చును. ఈ అల పొడవు 3 మీటర్లు. ఏరియలు అందులో నాల్గవ వంతు, అనగా 75 సెంటీమీటర్లు ఉండుట మేలు. కొబ్బరితోటల నడుమ దీని మాట నూరు మీటర్లు పోయిన గొప్పయే.

ఇంత సులువైన పనిలో చిక్కేమనగా, ఇట్టి యంత్రము ఒక చోట నిలువదు. చేయి దగ్గరకు తెచ్చినను, ఎండ తగిలినను, బ్యాటరీ నీరసించినను ఊపు మారిపోవును. రేడియో వినుటకు కేటాయించినది 108 మెగాహెర్ట్జుల వరకే. ఆపైన 137 వరకు విమానములది. దారి చూపు సంకేతములు, పైలట్ల సంభాషణలు అచ్చటనే జరుగును. ఉదయము 106 వద్ద పెట్టినది మధ్యాహ్నమునకు 108 దాటవచ్చును. మనకు కూతవేటు దూరమున మధురపూడి విమానాశ్రయమున్నది. తక్కువ శక్తిగలది కదా అని సమాధానపడుటకు వీలులేదు. మేమెరిగినంతవరకు ఈ అభిరుచిగలవారెవరును మొదటి యంత్రముతో తృప్తిపడరు. మరునెలలోనే మరొక ట్రాన్సిస్టరు చేర్చి, ఏరియలును నీళ్లట్యాంకుమీదికి ఎక్కింతురు.

చట్టము సంగతి స్పష్టము. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము 42వ సెక్షను ప్రకారము అనుమతి లేని ప్రసారమునకు మూడేండ్ల వరకు ఖైదుగాని, రెండు కోట్ల రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. యంత్రమును పంచాయతీ కట్టడముపై నిలిపినంతమాత్రమున అది ప్రభుత్వ యంత్రము కాజాలదు.

ఈ అనుభవము మన రాష్ట్రమునకు కలదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘముల స్త్రీలు 2002లో "మన రేడియో" అను పేర చిన్న ఎఫ్.ఎం. యంత్రముతో ప్రసారములు సాగించిరి. అది అర కిలోమీటరు మేర మాత్రమే వినవచ్చెడిది. లైసెన్సు లేదను కారణమున 2003లో అధికారులు దానిని మూయించిరి. ఆ స్త్రీల ఉద్దేశమునందు దోషమున్నదని మేమనము. అప్పటికి గ్రామసంఘములకు లైసెన్సు ఇచ్చు నిబంధనయే లేదు. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పియుండెను. ఆ ధర్మాసనములో తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డిగారు ఒకరు. ఆ తీర్పు గ్రామముల ముంగిటికి వచ్చుటకు మరి పదునొకండేండ్లు పట్టినది. 2006లో నిబంధనలు వెలువడిన పిదప, 2008 అక్టోబరు 15న జహీరాబాదు వద్ద మాచ్‌నూరులో "సంఘం రేడియో" లైసెన్సుతో ప్రారంభమయ్యెను. దానిని నడపినవారు దళిత కుటుంబముల సేద్యపు స్త్రీలు. వారును అంతకుముందు ఏండ్ల తరబడి వేచియుండి, కార్యక్రమములను టేపులమీద పట్టి సంఘ సమావేశములలో వినిపించుకొనిరి.

నేడు సామాజిక రేడియోకు 100 వాట్ల వరకు ప్రసార శక్తియు, 30 మీటర్ల వరకు స్తంభమును అనుమతింతురు. లాభాపేక్ష లేని రిజిస్టర్డు సంఘములు కనీసము మూడేండ్లు స్థానికసేవ చేసియున్నచో దరఖాస్తు చేయవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయములు, కృషి విజ్ఞాన కేంద్రములును అర్హములే. డెల్టా ప్రాంతపు రైతులకు ఉండి, కలవచర్ల కేంద్రములు పరిచితములు. వ్యక్తులకు, రాజకీయ పక్షములకు ఇయ్యరు. కార్యక్రమములలో కనీసము సగము స్థానికులు చేసినవై యుండవలెను. 2024 నుండి గంటకు 12 నిమిషముల ప్రకటనలకు వీలున్నది. సొంత వార్తలు చెప్పరాదు. కాని స్థానిక అధికారులు అందించు వరద, తుఫాను, త్రాగునీరు, విద్యుత్తు సమాచారము వార్తగా పరిగణింపబడదు. లంక గ్రామములకు కావలసినది సరిగా ఇదియే. పంచాయతీ తగిన సంఘమును వెదకి ముందుకు తేవచ్చును, స్తంభమునకు స్థలము చూపవచ్చును, కాలువకు నీరు వదలు తేదీలను ఇచ్చుచుండవచ్చును. మా అభిప్రాయములో యంత్రముకంటె కష్టమైనది ప్రతిదినము మాటలాడగల మనుషులను కూర్చుట.

ఇక ఆ కుర్రవానిని కసరి పంపకుడు. కేంద్ర టెలికం శాఖ జరుపు అమెచ్యూర్ రేడియో పరీక్షకు వానిని ప్రోత్సహింపుడు. పండ్రెండేండ్లు నిండినవారెవరైనను దానికి కూర్చుండవచ్చును. ఉత్తీర్ణుడై లైసెన్సు పొందినచో యంత్రములు చేసికొని ఇతర అమెచ్యూర్లతో మాటలాడవచ్చును. పాటలు వేయుటకు, ఊరికి ప్రసారము చేయుటకు మాత్రము అది పనికిరాదు. తుఫానులో టెలిఫోను తెగిన దినమున ఇట్టివాడు ఊరిలో ఉండుట చిన్న విషయము కాదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫానులో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభములును కూలినవి. సామాజిక రేడియో లైసెన్సు వచ్చునంతవరకు, పంచాయతీ ఆఫీసులో సెల్సుతో పనిచేయు రేడియో సెట్టు నొకదానిని, చేతిమైకు నొకదానిని సిద్ధముగ నుంచుడు. సెల్సును ప్రతి అక్టోబరులో మార్చుట గుమాస్తాకు అప్పగింపుడు.