పదిమందిలో సెంటు: హక్కెంత, హద్దెంత?

ఘాటైన సెంటు కొట్టుకుని బస్సో మెట్రోనో ఎక్కకూడదని చట్టం ఉందా?

లేదు. పొగతాగడానికైతే 2003 నాటి చట్టం ఉంది, బహిరంగ ప్రదేశాల్లో తాగితే 200 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. సెంటుకు మన దేశంలో అలాంటిదేమీ లేదు. పక్క సీటాయన అత్తరుకు మీ తల దిమ్మెక్కినా, ఆ కారణంగా కండక్టరు ఆయన్ని దించలేడు. సీటు మారడం, కిటికీ తీయడం, మర్యాదగా ఓ మాట చెప్పడం మీ చేతిలో పని. ఏసీ బస్సులో కిటికీ తెరుచుకోదు, గొడవంతా అక్కడే.

నాకు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

మీ అంతట మీకు తెలియదు. ఒకే వాసన కొద్ది నిమిషాలు తగిలేసరికి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటాం, ఎదుటివాళ్లకు రెండు మోతాదులూ కలిసి గుప్పుమంటాయి. ఇంట్లోవాళ్లను బారెడు దూరంలో నిలబడి చెప్పమనండి. అక్కడికీ వస్తోందంటే ఎక్కువైనట్టే. అత్తరుతో ఇంకా జాగ్రత్త. అది నూనె సరుకు, స్ప్రేలోని ఆల్కహాలులా ఇట్టే ఎగిరిపోదు. చార్మినార్ దగ్గర కొన్న మంచి అత్తరైతే పుల్లకు అంటినంత చాలు.

ఆఫీసులో పక్కవాళ్ల సెంటు నాకు పడదు. ఆపించవచ్చా?

అడగవచ్చు. ఆపించడం మాత్రం మీ సంస్థ నియమాలను బట్టే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థల్లోని దివ్యాంగ ఉద్యోగులకు తగిన వెసులుబాటు ఇవ్వాలంటుంది గానీ, అందులోని 21 వైకల్యాల జాబితాలో ఉబ్బసం లేదు. డాక్టరు చీటీ జతచేసి హెచ్‌ఆర్‌కు రాయండి, సీటైనా మార్చమనండి. అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. సహోద్యోగి సెంటుతో ఊపిరాడడం లేదని డెట్రాయిట్ నగరపాలక ఉద్యోగిని ఒకామె అక్కడి వికలాంగుల చట్టం కింద దావా వేశారు. 2010లో లక్ష డాలర్లకు రాజీ కుదిరింది. సెంట్లు మానుకోవాలని ఉద్యోగులకు నోటీసులూ పెట్టారు.

ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా చెప్పడమెలా?

పక్కకు పిలిచి చెప్పండి. “మేడమ్, నాకు ఘాటు వాసనలు పడవండీ, ఆయాసం వస్తుంది. కాస్త తగ్గిస్తారా?” అంటే చాలు. చెమట వాసన వస్తుందేమోనన్న బెరుకుతోనే ఎక్కువ కొట్టుకునేవాళ్లు ఉంటారు. “ఏంటండీ ఈ కంపు” అన్నారో, ఆ మాట వాళ్లు జన్మలో మరిచిపోరు.

అసలు వాడకూడని చోట్లు?

ఆసుపత్రి. కీమో తీసుకుంటున్నవాళ్లకు మామూలు వాసనకే వాంతి వస్తుంది. పిండాన్ని ప్రవేశపెట్టే రోజు సెంటు వద్దని సంతాన సాఫల్య కేంద్రాలు ముందే చెబుతాయి.

మల్లెలు, సంపెంగలకూ ఇదే మాటా?

చట్టం వాటి జోలికీ పోలేదు. తిరుమల కొండ మీద తలలో పూలు పెట్టుకోవద్దంటారు కదా, అది ఘాటు వల్ల కాదు, అక్కడి పూలన్నీ స్వామివేనని. అయినా పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు సంపెంగ కూడా సెంటు లాంటిదే.

దారిలో మళ్లీ కొట్టుకోవచ్చా?

క్యాబ్‌లో, లిఫ్టులో, ఏసీ బోగీలో వద్దు. దిగాక, ఆరుబయట కొట్టుకోండి.